జిర్కోనియా క్యాపును రుద్దితే, బ్లాస్ట్ చేస్తే, గ్లేజ్ వేస్తే గట్టిదనం ఏమవుతుంది? పని చేసే పద్ధతి, కొలిచే పద్ధతి

ఇంత గట్టి క్యాపు పెడితే ఎదురు పన్ను అరగదా సార్? నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జిర్కోనియా (క్యాపులకు వాడే తెల్లటి సిరామిక్) పేరెత్తగానే కుర్చీలో కూర్చున్నవాళ్లు అడిగేది ఇదే. అడగడంలో న్యాయముంది. పంటి ఎనామెల్ గట్టిదనం వికర్స్ కొలతలో (డైమండ్ మొనను దించి, పడ్డ గుర్తును బట్టి వేసే అంకె) 300 నుంచి 400 ఉంటే, ఫర్నేస్‌లో సింటర్ అయి, అంటే కాలి గట్టిపడి వచ్చిన జిర్కోనియాది 1200 నుంచి 1300. మూడింతలు. అయినా ఎదురు పన్నును తినేది ఆ అంకె కాదు, క్యాపు మీద మనం వదిలేసిన గరుకు. బర్‌తో (తిరిగే కోత మొన) రుద్దినా, గాలితో అల్యూమినా పొడి కొట్టినా (అదే బ్లాస్టింగ్), మళ్లీ వేడి చేసినా జిర్కోనియా గట్టిదనం పెద్దగా కదలదు. కదిలేవి మూడు: పైన గరుకుదనం, దాని కింద పగుళ్లు, స్ఫటికాల దశ (వాటి అమరిక). గట్టిదనమే మారిందని ఎవరైనా అంకెలు చూపిస్తే, చాలాసార్లు అక్కడ మారింది కొలిచిన తీరు.

కాబట్టి ముందు చేతిపని ఎలా చేయాలో, తర్వాత కొలత ఎలా తీయాలో చూద్దాం. మొదటి భాగం ల్యాబ్ టెక్నీషియన్లకూ, క్లినిక్‌లో క్యాపు సరిచేసే డాక్టర్లకూ. రెండోది పరీక్ష ముక్కలు పట్టుకుని తిరిగే పీజీ విద్యార్థులకు మరీ ముఖ్యం.

ముందు డిస్కు రకం చూడండి

జిర్కోనియా అని ఒకే మాటతో పిలుస్తాం గాని డిస్కులన్నీ (క్యాపును మిల్లింగ్ చేసి తీసే దిమ్మలు) ఒకటి కావు. అందులో కలిపిన యిట్రియాను (యిట్రియం ఆక్సైడ్) బట్టి 3వై, 4వై, 5వై అంటారు. ఆ అంకె మోల్ శాతం. డబ్బా మీద బరువు శాతం రాసి ఉంటే, 5 దగ్గరలో ఉన్నది 3వై, 7 దగ్గరలో ఉన్నది 4వై, 9 దగ్గరలో ఉన్నది 5వై అనుకోండి. మూడింటి గట్టిదనం దాదాపు ఒకటే. బలంలో మాత్రం చాలా తేడా. 3వై వంపు బలం 900 నుంచి 1200 మెగాపాస్కల్ దాకా ఉంటుంది, 5వైకి అందులో సుమారు సగమే. ముందుపళ్లకు వాడే బాగా వెలుతురు దాటే డిస్కులు ఎక్కువగా 5వై, లేదా పైనుంచి కిందికి యిట్రియా మారే పొరల రకం.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, 3వైలో స్ఫటికాలు ఎక్కువగా టెట్రాగోనల్ దశలో ఉంటాయి. పగులు మొనకు దగ్గర్లో ఒత్తిడి పడగానే అవి మోనోక్లినిక్‌గా మారి 3 నుంచి 5 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును నొక్కి పట్టుకుంటుంది. బర్ తగిలినా, బ్లాస్టింగ్ తగిలినా పైపొరలో జరిగేది అదే. 5వైలో సగానికి సగం క్యూబిక్ దశ ఉంటుంది, దానికి ఈ మారే గుణం లేదు. ఒకే బర్‌తో ఒకే రకంగా రుద్దినా 3వై తట్టుకుంటుంది, 5వై పగులు మిగుల్చుకుంటుంది. రకం తెలియని డిస్కు చేతికొస్తే 5వై అనుకుని పని చేయండి.

సరిచేయాల్సింది తెల్లగా ఉన్నప్పుడే సరిచేయండి

మిల్లింగ్ అయి, ఇంకా సింటర్ కాని ముక్క సుద్దలా మెత్తగా ఉంటుంది. కనెక్టర్ల (బ్రిడ్జిలో పన్నునూ పన్నునూ కలిపే చోట్లు) మూలలు, స్ప్రూ (ముక్కను డిస్కుకు పట్టి ఉంచే కాడ) కోసిన చోటు, గాడులు, అన్నీ ఈ దశలోనే దిద్దుకోవాలి. కొత్త కార్బైడ్ బర్, తక్కువ వేగం, నీళ్లు వద్దు. చివర మెత్తటి రబ్బరుతో నున్నగా చేసి, ధూళిని మెత్తని బ్రష్‌తో దులపండి. కంప్రెసర్ గాలి కొడితే అందులోని నూనె, తేమ లోపలికి ఇంకుతాయి, సింటరింగ్ తర్వాత మచ్చలుగా తేలతాయి. ఈ దశలో శాండ్‌బ్లాస్టింగ్ అసలొద్దు. మెత్తటి ముక్కలో పడ్డ గుంటలు సింటరింగ్‌లో పూడవు, ముక్కతోపాటే కొంచెం చిన్నవవుతాయి అంతే.

సింటరింగ్ గురించి ఒక్క మాట చాలు. డిస్కు కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామే వాడండి, సాధారణంగా 1450 నుంచి 1550 డిగ్రీల మధ్య, గరిష్ఠ వేడి దగ్గర రెండు గంటల నిలకడ. మధ్యలో కరెంటు పోయి ఫర్నేస్ చల్లబడితే ఆ బ్యాచ్ బయటికి చక్కగానే కనిపించవచ్చు. కాని సాంద్రత పూర్తిగా రాక, గట్టిదనం నిజంగా తగ్గేది ఇలాంటి చోటే. ఏ ఉపరితల పనీ తేలేనంత తేడా ఒక్క సగం కాలిన బ్యాచ్ తెస్తుంది. వేసవి కోతలున్న ఊళ్లలో ఫర్నేస్‌కు ప్రత్యేక బ్యాకప్ లేకుండా రాత్రి ప్రోగ్రామ్ పెట్టి ఇంటికి వెళ్లకండి.

సింటర్ అయ్యాక రుద్దడం

తప్పని సందర్భం ఒకటుంది: నోట్లో పెట్టి చూస్తే క్యాపు ఎత్తుగా తగలడం. అప్పుడు ఇలా చేయండి.

ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో (కొరికిన చోట రంగు అంటే కాగితం) గుర్తు పెట్టుకోండి. రుద్దే ముందు ఆ చోట మందం క్యాలిపర్‌తో చూడండి. 3వైకి 0.7 మి.మీ., 5వైకి 1 మి.మీ. కన్నా తగ్గే పని అయితే అక్కడే ఆగండి, ఎదురు పన్ను సరిచేయడమో క్యాపు మళ్లీ చేయించడమో ఆలోచించండి. కంపెనీ కాగితంలో ఇంతకన్నా ఎక్కువ మందం అడిగితే దాని మాటే వినండి.

బర్ డైమండే కావాలి, అదీ ఎర్ర పట్టీ ఉన్న సన్నరకం. నీలం, ఆకుపచ్చ పట్టీ బర్‌లు త్వరగా కోస్తాయి, ఆ వేగానికి తగ్గట్టు లోతైన గాట్లూ మిగులుస్తాయి. తర్వాత పాలిషింగ్‌కు పట్టే సమయం లెక్కేస్తే ముందు మిగిలిందేమీ ఉండదు. కార్బైడ్ బర్ సింటర్ అయిన జిర్కోనియా మీద పనికిరాదు. రెండు నిమిషాల్లో మొద్దుబారి, కోయడం మానేసి వేడి పుట్టిస్తుంది.

నీళ్లు ధారగా పడాలి, నిమిషానికి 50 మి.లీ. తగ్గకుండా. బర్‌ను ఆనించీ ఆనించనట్టు, ఒకే చోట నిలపకుండా తిప్పుతూ ఉండండి. నిప్పురవ్వలు కనిపిస్తే నీళ్లు చాలడం లేదు, లేదా బర్ అరిగిపోయింది, లేదా చెయ్యి బరువెక్కింది. మూడింటిలో ఏదైనా సరే వెంటనే ఆపండి. జిర్కోనియా వేడిని త్వరగా పంచుకోదు. బర్ తగిలిన చుక్క దగ్గరే వేడి పోగై, చల్లబడేటప్పుడు వెంట్రుక పగుళ్లు పడతాయి. అవి ఆ రోజు కనిపించవు. ఆరు నెలల తర్వాత క్యాపు రెండు ముక్కలై చేతికొచ్చినప్పుడు విరిగిన అంచును లూపుతో (చిన్న భూతద్దం) చూస్తే, మొదలు రుద్దిన చోటే ఉంటుంది.

బ్రిడ్జి కనెక్టర్ కింది వైపు, అంటే చిగురు వైపు, సింటర్ అయ్యాక ముట్టుకోవద్దు. నమిలేటప్పుడు సాగే ఒత్తిడి పడేది అక్కడే.

ఇక గట్టిదనం సంగతి. రుద్దిన 3వై పైపొరలో కొంత టెట్రాగోనల్ మోనోక్లినిక్ అవుతుంది. ఉబ్బిన పొర నొక్కుకుపోయి ఉండటం వల్ల సూదిమొన దిగడం కొంచెం కష్టమై అంకె కాస్త పెరగవచ్చు. అదే పొరలో పగుళ్లు ఎక్కువైతే, మోనోక్లినిక్ మరీ పెరిగితే అంకె తగ్గుతుంది. అందుకే ఒక పరిశోధనలో పెరిగిందని, మరోదాంట్లో తగ్గిందని కనబడుతుంది. రెండూ అబద్ధం కాకపోవచ్చు. రుద్దిన తీరు వేరు, కొలిచిన లోతు వేరు.

పాలిషింగ్: అసలు పని ఇక్కడుంది

సమయం పెట్టాల్సిన మెట్టు ఏదైనా ఉంటే ఇదే. పోర్సలీన్‌కో లిథియం డైసిలికేట్‌కో వాడే రబ్బరు చక్రాలు జిర్కోనియాను కోయలేవు, వేడెక్కించి మెరుగు పెట్టినట్టు మాయ చేస్తాయి. జిర్కోనియాకని రాసి ఉన్న డైమండ్ కలిపిన కిట్టే కొనండి. ఎక్కువ కిట్లలో మూడు చక్రాలుంటాయి: ముతక, మధ్యరకం, సన్నం.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పలకకు మెరుగు పెట్టేవాళ్లు 50 నంబరు రాయి నుంచి నేరుగా 3000కు దూకరు. మధ్య నంబర్లన్నీ వరుసగా వేస్తారు, ఎందుకంటే ప్రతి రాయి పని ముందు రాయి మిగిల్చిన గీతల్ని తుడవడమే. ఇక్కడా అంతే. ముతక చక్రం పని మెరుపు తేవడం కాదు, బర్ గీతలు తీసేయడం. గీతలు పోయాయని 10 రెట్లు చూపించే లూపులో చూశాకే మధ్యరకం పట్టుకోండి. మధ్యరకం ఎంతసేపు తిప్పినా ముతక గీతను తీయలేదు, దాని అంచుల్ని గుండ్రంగా చేసి మెరిపిస్తుంది. కంటికి మెరుస్తుంది, ఎదురు పన్నుకు మాత్రం గీత గీతగానే తగులుతుంది.

ఒక్కో చక్రానికి కనీసం అర నిమిషం నుంచి నిమిషం. వేగం కిట్ మీద రాసినంతే. సాధారణంగా నిమిషానికి 7,000 నుంచి 12,000 చుట్ల మధ్య ఉంటుంది. వేగం పెంచితే పని త్వరగా అవుతుందనుకోవద్దు, రబ్బరు కాలి డైమండ్ రాలిపోతుంది. చక్రం మార్చే ముందు క్యాపును తడి గాజుగుడ్డతో తుడవండి. ముందు చక్రం రాల్చిన ముతక రేణువు ఒక్కటి మిగిలినా సన్న చక్రం కింద దొర్లి కొత్త గీత పెడుతుంది. చివర 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో మేక వెంట్రుకల బ్రష్ గాని ఫెల్ట్ గాని అర నిమిషం తిప్పండి. నోట్లో చేస్తుంటే నీళ్లు వాడండి, ల్యాబ్‌లో అయితే చెయ్యి తేలిక చేసి ఆగి ఆగి చేయండి. మాస్కు, సక్షన్ లేకుండా ఈ ధూళి దగ్గర కూర్చోవద్దు.

అయిందో లేదో తెలుసుకోవడానికి ట్యూబ్‌లైటు కింద క్యాపును వంచి చూడండి. వెలుతురు గీత అంచులు చెదరకుండా నిలబడాలి. పాలమీగడలా మసకగా కనిపిస్తే వెనక్కి, మధ్యరకం చక్రానికి కాదు, ముతకకే వెళ్లండి. గరుకు కొలిచే ప్రొఫైలోమీటర్ అందుబాటులో ఉంటే ఆర్‌ఏ (సగటు గరుకుదనం) 0.2 మైక్రాన్ల కన్నా తక్కువ రావాలి. అంతకు పైన గార పట్టడం ఎక్కువవుతుందని ఒప్పుకున్న గీత అది.

కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ మెట్టు మరింత ముఖ్యం. అక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. తీవ్ర ఫ్లోరోసిస్ ఉన్న పంటిలో పైపొర కింద ఎనామెల్ ఖనిజం తక్కువై గుల్లగా ఉంటుంది. గోధుమ మచ్చలు కప్పడానికి పైపళ్లకు జిర్కోనియా వేసినప్పుడు ఎదురుగా ఉండే కింది పళ్లూ అదే ఫ్లోరోసిస్ పళ్లు. అక్కడ అర నిమిషం మిగుల్చుకున్న పాలిషింగ్‌కు ఖరీదు కట్టేది ఆ కింది పన్ను.

పాలిష్ చేసిన ముక్క గట్టిదనం కొలిస్తే మొదటి అంకే మళ్లీ వస్తుంది. అంకె మారలేదు, అరుగుదల మాత్రం బాగా తగ్గింది.

గ్లేజ్

గ్లేజ్ అంటే జిర్కోనియా మీద కరిగించిన గాజు పొర. మందం కొన్ని పదుల మైక్రాన్లు, గట్టిదనం 500 నుంచి 600 హెచ్‌వీ (వికర్స్ అంకె), అంటే కింద ఉన్నదానిలో సగం కన్నా తక్కువ. మెత్తటి పొర గదా, పన్నుకు మేలే అనిపిస్తుంది. కాని నమిలే చోట ఈ పొర నెలల్లోనో, ఒకటి రెండేళ్లలోనో అరిగిపోతుంది. అరిగాక బయటపడేది మీరు గ్లేజ్ కింద దాచిన ఉపరితలం. దాన్ని బర్ గీతలతో వదిలేసి ఉంటే ఎదురు పన్నుకు ఆకురాయి తగిలినట్టే. రాలిన గాజు ముక్కలు కూడా మధ్యలో నలిగి అరగదీస్తాయి.

కాబట్టి వరుస ఇది: పళ్లు కలిసే చోట్లు చివరిదాకా పాలిష్ చేయండి, తర్వాత పక్కలకూ ముందు వైపుకూ మాత్రమే గ్లేజ్ వేయండి. రంగు కోసం మీద కూడా వేయాల్సి వస్తే, కింద పాలిష్ పూర్తయ్యాకే వేయండి. పాలిష్ చేసిన నున్నటి చోట గ్లేజ్ పట్టదేమోనని కావాలని గరుకు చేసేవాళ్లున్నారు. నమిలే చోట ఆ పని చేయకండి.

లోపలి వైపు బ్లాస్టింగ్

జిర్కోనియాలో గాజు లేదు కాబట్టి పోర్సలీన్‌కు పెట్టే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ దీన్ని తినదు. 5 శాతమో 9 శాతమో పెట్టి నిమిషం ఉంచినా లోపలి గోడ అలాగే ఉంటుంది, గట్టిదనమూ అలాగే ఉంటుంది. బయట పొరపాటున తగిలితే గ్లేజ్ మాత్రం పోతుంది. సిమెంట్ పట్టడానికి దారి బ్లాస్టింగ్, ఆ పైన ఎండీపీ (జిర్కోనియాను పట్టుకునే ఫాస్ఫేట్ మోనోమర్) ఉన్న ప్రైమర్.

అల్యూమినా 50 మైక్రాన్లది తీసుకోండి. 110 మైక్రాన్లది లోతైన గాట్లు పెడుతుంది, పట్టు అంతగా పెరగదు. ఒత్తిడి 3వైకి 2 బార్, 5వైకి 1 బార్. మన కంప్రెసర్ గేజీలు పీఎస్‌ఐలో ఉంటాయి కనుక 29, 14 అని గుర్తు పెట్టుకోండి. మెటల్ క్యాస్టింగ్ శుభ్రం చేయడానికి పెట్టిన 60 పీఎస్‌ఐతోనే జిర్కోనియా కొట్టడం ల్యాబుల్లో మామూలు. అది 4 బార్. అక్కడ పగుళ్లు రావడానికి అల్యూమినా గట్టిదనం చాలు: సుమారు 2000 హెచ్‌వీ, జిర్కోనియా కన్నా ఎక్కువ.

నాజిల్ దూరం 10 మి.మీ., సమయం 10 నుంచి 15 సెకన్లు, చెయ్యి కదులుతూ ఉండాలి. ఎంత కొట్టాలో తెలియకపోతే లోపలి గోడలకు మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రంగు పోయిన చోటు అయిపోయినట్టే, ఇంకొక్క సెకను కూడా వద్దు. అంచు మీద, బయటి వైపున పడకుండా అంచు చుట్టూ మైనం గాని వేలు గాని అడ్డం పెట్టండి.

సముద్రం దగ్గర ఊళ్లలో ఇంకో తలనొప్పి ఉంది: తేమ. నెల్లూరు, కావలి, కొత్తపట్నం వైపు గాలిలోని నీరంతా కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరుతుంది. బ్లాస్టర్ ఒకసారి ఆగి ఒకసారి కక్కితే, అల్యూమినా ఉండలు కట్టింది. ఉండలు కట్టిన పొడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కొడుతుంది. మీరు గేజీలో 2 బార్ చూస్తుంటారు, ముక్కకు తగిలేది వేరు. రోజూ పొద్దున్నే ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదలండి. బ్లాస్టర్‌కు ముందు నీళ్లు పట్టే ఫిల్టర్ ఉండాలి. వానాకాలంలో, ముఖ్యంగా నవంబరు తుపాన్ల రోజుల్లో, పొడిని 100 డిగ్రీల పైన గంటసేపు ఓవెన్‌లో ఆరబెట్టి వాడండి. కింద రాలిన పొడిని జల్లెడ పట్టి మళ్లీ పోయకండి. మొనలు విరిగి మొద్దుబారింది, పైగా అందులో మెటల్ ధూళి కలిసి ఉంటుంది.

బ్లాస్టింగ్ అయ్యాక ఆల్కహాల్‌లోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో అల్ట్రాసోనిక్‌లో 5 నిమిషాలు. బోరునీళ్లు పోస్తే ఉప్పు పొర మిగులుతుంది. నోట్లో పెట్టి చూసుకోవడం బ్లాస్టింగ్‌కు ముందే అయిపోవాలి. తర్వాత పెడితే ఉమ్మిలోని ఫాస్ఫేట్లు జిర్కోనియాను పట్టుకుంటాయి, ఎండీపీకి చోటు ఉండదు. శుభ్రం చేద్దామని ఫాస్ఫారిక్ యాసిడ్ పెట్టడం అదే ఫాస్ఫేట్‌ను ఇంకొంచెం పూయడం.

మళ్లీ వేడి చేయడం

రుద్దాక 1000 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పెడితే మోనోక్లినిక్ అయిన స్ఫటికాలు తిరిగి టెట్రాగోనల్ అవుతాయి. వెనీర్ పోర్సలీన్ (పైన వేసే పంటిరంగు పొర) వేసే ముందు కొన్ని కంపెనీలు ఇది చేయమంటాయి. చేసే ముందు ఒక్కటి తెలుసుకోండి: ఉబ్బిన పొర పోయిందంటే పగుళ్లను నొక్కి పట్టుకున్న ఒత్తిడీ పోయినట్టే. పగుళ్లు మాత్రం 1000 డిగ్రీలకు మూసుకోవు. అందుకే ముతకగా రుద్దిన ముక్కను నేరుగా వేడి చేస్తే బలం పెరగకపోగా తగ్గవచ్చు. ముందు పాలిష్ చేసి పగుళ్ల పొరను తీసేసి, తర్వాత వేడి పెట్టండి. గట్టిదనం అంకె ఇక్కడా మొదటి చోటికే వస్తుంది.

గట్టిదనం కొలవడం

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా కనిపించేవి రాక్‌వెల్, బ్రినెల్ యంత్రాలు. అవి పనికిరావు. వికర్స్ మైక్రోహార్డ్‌నెస్ యంత్రమే కావాలి. అందులో 136 డిగ్రీల కోణమున్న డైమండ్ పిరమిడ్‌ను తెలిసిన బరువుతో 10 నుంచి 15 సెకన్లు దించి, పడ్డ నలుచదరపు గుర్తు కర్ణాలు రెండూ కొలుస్తాం. లెక్క: 1.8544ను కిలోల్లో బరువుతో గుణించి, కర్ణాల సగటు వర్గంతో భాగించాలి. కర్ణం మిల్లీమీటర్లలో. వచ్చిన హెచ్‌వీని గిగాపాస్కల్‌గా మార్చాలంటే 0.009807తో గుణించండి. 1275 హెచ్‌వీ అంటే 12.5 గిగాపాస్కల్.

ముక్కల్ని మిగిలిన డిస్కు అంచుల నుంచే కోయవచ్చు. సింటర్ అయ్యాక 12 మి.మీ. చదరం, 2 మి.మీ. మందం కావాలంటే డిస్కు మీద రాసిన పెంపు గుణకంతో గుణించి కోయండి. గుణకం 1.24 అయితే 14.9 మి.మీ., 2.5 మి.మీ. అన్ని ముక్కలూ ఒకే డిస్కు, ఒకే ఫర్నేస్ బ్యాచ్. ఇది తప్పితే మీరు కొలిచేది ఫర్నేస్‌ను. సింటర్ అయ్యాక అన్నిటినీ ఒకే అద్దపు నునుపుకు తెచ్చి, గుంపులుగా విడదీసి, ఒక గుంపును అలాగే ఉంచి మిగతావాటికి ఒక్కో పని చేయండి. చేత్తో బ్లాస్ట్ చేస్తే దూరం మారుతుంది కాబట్టి నాజిల్‌ను స్టాండుకు బిగించండి.

ఇప్పుడు అసలు చిక్కు. బరువు ఎంత పెట్టాలి? గుర్తు లోతు కర్ణంలో ఏడో వంతు. 1275 హెచ్‌వీ ఉన్న జిర్కోనియాలో 10 కిలోలు పెడితే కర్ణం 121 మైక్రాన్లు, లోతు 17. ఒక కిలో పెడితే కర్ణం 38, లోతు 5.4. 200 గ్రాములు పెడితే కర్ణం 17, లోతు 2.4. రుద్దడం వల్లో బ్లాస్టింగ్ వల్లో మారిన పొర కొన్ని మైక్రాన్ల మందమే. 10 కిలోలతో దిగిన మొన ఆ పొరను దాటి కింది మామూలు జిర్కోనియాను కొలుస్తుంది, తేడా లేదని చెబుతుంది. 200 గ్రాములతో దిగితే పొరలోనే ఉంటుంది, కాని చదవడం కష్టం. 17 మైక్రాన్ల కర్ణాన్ని అర మైక్రాన్ ఎక్కువ చదివితే 1275 కాస్తా 1203 అవుతుంది. అదే అర మైక్రాన్ తప్పు 121 మైక్రాన్ల గుర్తులో 1264 ఇస్తుంది, అంతే. తక్కువ బరువుతో తీసిన కొలతల్లో 50, 60 తేడా చూపించి ‘గట్టిదనం తగ్గింది’ అని రాసిన చోట, ముందు ఈ లెక్క వేసి చూడండి.

గరుకు ఇంకో అడ్డంకి. బ్లాస్ట్ అయిన ముక్క మీద 17 మైక్రాన్ల గుర్తు మొనలు గుంటల్లో కలిసిపోతాయి. స్పష్టంగా కనపడాలని పాలిష్ చేస్తే కొలవాల్సిన పొరే పోతుంది. దారులు రెండు. ఒకటి, 1 కిలో, 10 కిలోల దగ్గర పైనుంచే కొలిచి, అది సగటు అని ఒప్పుకోవడం. రెండోది, ముక్కను రెసిన్‌లో కూర్చి అడ్డంగా కోసి, ఆ కోత ముఖాన్ని 1 మైక్రాన్ డైమండ్‌దాకా పాలిష్ చేసి, అంచు నుంచి లోపలికి వరుసగా చిన్న గుర్తులు దించడం. అంచుకు మరీ దగ్గర పెడితే అంచు విరిగి అంకె దొంగగా తగ్గుతుంది, కాబట్టి మొదటి గుర్తు అంచు నుంచి రెండున్నర కర్ణాల దూరంలో ఉండాలి. ఇందువల్ల పైనున్న కొన్ని మైక్రాన్లు ఎలాగూ అందవు. అక్కడికి నానో ఇండెంటేషనే (మరీ చిన్న బరువుతో దించి కొలిచే పద్ధతి) గతి.

గుర్తుకూ గుర్తుకూ మధ్య కనీసం ఐదు కర్ణాలు. మూలల నుంచి పగుళ్లు పొడుగ్గా లేస్తే, ముఖ్యంగా 5వైలో, ఇంకా దూరం జరపండి. మూల పెచ్చు లేచిన గుర్తును లెక్కలోంచి తీసేయండి, తీసేసినవి ఎన్నో రాయండి. ముక్కకు పది మంచి గుర్తులుంటే సగటు నిలబడుతుంది. వెలుతురు దాటే జిర్కోనియాలో గుర్తు అంచు సరిగా కనబడదు. పలుచటి బంగారు పూత వేస్తే తేలుతుంది. రోజూ మొదట యంత్రంతో వచ్చిన ప్రామాణిక దిమ్మను కొలిచి చూసుకోండి. చదివేవాళ్లకు ఏ ముక్క ఏ గుంపుదో తెలియకూడదు.

గ్లేజ్ వేసిన ముక్కకు వేరే నియమం. లోతు పొర మందంలో పదో వంతు మించకూడదు. 50 మైక్రాన్ల గ్లేజ్‌కు 200 గ్రాములు పెడితే లోతు 3.7 మైక్రాన్లు, సరిపోతుంది. 10 కిలోలు పెడితే గాజు పగిలి, ఏ పదార్థానిదీ కాని అంకె వస్తుంది. వచ్చిన అంకెను ‘గ్లేజ్ చేసిన జిర్కోనియా గట్టిదనం’ అనకండి, అది గ్లేజ్ గట్టిదనం.

ఒకే పదార్థంలో బరువు తగ్గేకొద్దీ అంకె పెరగడం సహజం. కాబట్టి 200 గ్రాముల అంకెను ఇంకొకరి 10 కిలోల అంకె పక్కన పెట్టి పోల్చవద్దు. ఫలితం రాసేటప్పుడు హెచ్‌వీ 0.2, హెచ్‌వీ 1, హెచ్‌వీ 10 అని బరువుతో సహా రాయండి.

గట్టిదనంతోపాటు ఇంకో రెండు కొలతలు తీస్తేనే అంకెకు అర్థం తెలుస్తుంది. గరుకుదనానికి ప్రొఫైలోమీటర్: ఆర్‌ఏ 0.1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఉంటే కట్ ఆఫ్ (ఒక్కో కొలత భాగం పొడవు) 0.8 మి.మీ., మొత్తం 4 మి.మీ. పొడవు. అద్దంలా పాలిష్ అయి 0.1 కన్నా తగ్గితే కట్ ఆఫ్ 0.25 మి.మీ. దశకు ఎక్స్‌రే డిఫ్రాక్షన్: రాగి ఎక్స్‌రే గొట్టంతో 28.2, 31.4 డిగ్రీల దగ్గర మోనోక్లినిక్ శిఖరాలు, 30.2 దగ్గర టెట్రాగోనల్. రుద్దిన ముక్కలో 28.2 దగ్గర చిన్న గుట్ట లేస్తుంది, వేడి చేసిన ముక్కలో అది పోతుంది.

ముక్కల్ని ముసలివి చేసి చూడాలంటే ఆవిరిలో 134 డిగ్రీలు, 2 బార్, 5 గంటలు. శరీరంలో అమర్చే జిర్కోనియాకు ఐఎస్ఓ 13356 పెట్టిన పరీక్ష ఇది, దాని తర్వాత మోనోక్లినిక్ 25 శాతం మించకూడదు. ఈ పరీక్షలో పైపొర రేణువులు వదులై గట్టిదనం నిజంగానే కొంత తగ్గవచ్చు, మొదటే గరుకుగా ఉన్న ముక్కలో ఎలా ఉంటుందో విడిగా చూడాలి. క్లినిక్ ఆటోక్లేవ్‌లోనూ వేడి 134 డిగ్రీలే, సమయం మాత్రం కొన్ని నిమిషాలు. క్యాపును సిమెంట్ పెట్టే ముందు ఒకసారి అందులో పెట్టడానికి భయపడనక్కర్లేదు. లోపలి వైపు బ్లాస్టింగ్, ప్రైమర్ మాత్రం ఆటోక్లేవ్ తర్వాతే చేయండి.